కండెన్స్‌డ్ మ్యాటర్, బయోఫిజిక్స్: నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు

ఉండేది విజయవాడ, పాఠం చెప్పేది గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో. రోజూ బస్సులో రానూపోనూ. ఆ బస్సులో, స్టాఫ్ రూములో, పెళ్ళి భోజనాల దగ్గర, అడ్మిషన్ల రోజుల్లో నన్ను అడిగిన ప్రశ్నలివి. కొన్ని విద్యార్థులవి, కొన్ని వాళ్ళ అమ్మానాన్నలవి, ఒకటి మా పిన్నిది. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబిచ్చాను, కొన్నిటి దగ్గర ఆగిపోయాను. ఆగిన చోటల్లా అది నాకు ఇష్టమైన విషయమని అర్థం చేసుకోండి.

మేడమ్, కండెన్స్‌డ్ మ్యాటర్ అంటే సాలిడ్ స్టేట్ ఫిజిక్సే కదా?

సగం అదే. డిగ్రీలో మనం చదివే స్ఫటికాలు, ఎక్స్‌రేలు, బ్యాండ్లు, సెమీకండక్టర్లు అన్నీ ఇందులోవే. కానీ ద్రవాలు, జెల్లు, నురగ, గాజు, ఎల్‌సీడీ తెరలోని లిక్విడ్ క్రిస్టల్, ఆఖరికి జీవకణం లోపలి సరుకు కూడా ఇప్పుడు ఈ కోవలోకే వస్తాయి.

ఇంట్లో నెయ్యి గిన్నె చూడండి. డిసెంబరులో పూసలు పూసలుగా పేరుకుంటుంది, మే నెలలో నూనెలా కారిపోతుంది. అణువులు మాత్రం రెండు నెలల్లోనూ అవే. ఒక్క అణువుని విడిగా తీసి చేతికిస్తే అది పేరుకున్న నేతిదో కరిగిన నేతిదో ఎవరూ చెప్పలేరు. పేరుకోవడం అణువు గుణం కాదు, గుంపు గుణం. ఫిలిప్ ఆండర్సన్ 1972లో రాసిన ఒక చిన్న వ్యాసంలో వాదించింది ఇదే. విడివిడిగా ఒక్కో కణం సూత్రాలు తెలిసినంత మాత్రాన, అవి కోట్లకొద్దీ చేరినప్పుడు ఏం చేస్తాయో తెలిసిపోదు. కింద ఉన్న ప్రశ్నలన్నీ ఏదో ఒక వరసలో ఈ నెయ్యి ప్రశ్నకి చుట్టాలే.

బైపీసీ చదవకుండా బయోఫిజిక్స్‌కి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. జీవకణం సంగతుల్ని ఫిజిక్స్ సూత్రాలతో చదవడమే బయోఫిజిక్స్. చాలామంది అలాగే వెళ్ళారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్ ఫిజిక్స్ మనిషే. 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి, ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో మెలిక తిరగగలదో, ఎక్కడ పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయో లెక్కవేసి ఒక పటం గీశారు. ఇవాళ్టికీ ఎవరైనా కొత్త ప్రోటీన్ నిర్మాణం తేల్చితే, అది సరిగ్గా ఉందో లేదో ఆ పటం మీద పెట్టి చూసుకుంటారు.

థర్మోడైనమిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ గట్టిగా వచ్చి ఉంటే చాలు, కణం సంగతులు దారిలో నేర్చుకోవచ్చు. బైపీసీ పిల్లలకి మాత్రం లెక్కలు ఇప్పుడే మొదలుపెట్టమని చెబుతాను. అవి దారిలో అంత తేలిగ్గా దొరకవు.

గుంటూరు మిర్చిలో ఫిజిక్స్ ఉందన్నారు. క్లాసులో నిద్రపోకుండా ఉండాలని చెప్పారా?

కొంత అందుకే. కానీ మాట నిజం.

మార్చిలో బస్సు మిర్చి యార్డు వైపుగా వెళ్తే సగం మంది తుమ్ముతారు, కండక్టరుతో సహా. టిక్కీలు దించే హమాలీలు, తాలు కాయలు ఏరే ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకునే పనిచేస్తారు. ఎండుమిర్చి తొడిమలు తీసిన చేత్తో మరిచిపోయి కన్ను నలుపుకున్నవాళ్ళకి మిగతాది నేను చెప్పక్కర్లేదు. మనం దాన్ని ‘మంట’ అంటాం. నిప్పు లేదు, చర్మం కాలలేదు, అయినా మంటే అంటాం.

ఆ మాట సైన్సు ప్రకారం కూడా సరైనదే. మిర్చిలోని క్యాప్సైసిన్ మన నాడీకణాల పొరలో ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. ఆ ప్రోటీన్ ఒక గేటు. మామూలుగా సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని కాల్షియం, సోడియం అయాన్లని కణంలోకి వదులుతుంది. అలా పుట్టిన కరెంటే ‘కాలుతోంది’ అని మెదడుకి వెళ్ళే కబురు. క్యాప్సైసిన్ అతుక్కుంటే వేడి లేకుండానే అదే గేటు తెరుచుకుంటుంది, మెదడుకి అదే కబురు చేరుతుంది. డేవిడ్ జూలియస్ బృందం ఈ ప్రోటీన్‌ని 1997లో పట్టుకుంది. 2013లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో దాని ఆకారం చూడగలిగారు. 2021లో జూలియస్‌కి వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఉండే ఇలాంటి గేటు క్యాప్సైసిన్‌ని పట్టించుకోదు. చిలక పండుమిరపకాయని హాయిగా కొరుక్కు తినేది అందుకే. మనకి నోరు మండితే మంచినీళ్ళతో తగ్గదు, క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు కాబట్టి. పెరుగన్నం తినమని అమ్మలు చెప్పేది సరైన వైద్యమే.

అసలు ఫిజిక్స్ ఆ గేటు తెరుచుకోవడంలో ఉంది. కణం పొర మందం సుమారు 5 నానోమీటర్లు. దానికి అటూ ఇటూ వోల్టేజి తేడా సుమారు 70 మిల్లీవోల్టులు. కాగితం మీద భాగించి చూడండి, మీటరుకి కోటీ నలభై లక్షల వోల్టులు వస్తుంది. పొడిగాలిలో నిప్పురవ్వ పుట్టించడానికి మీటరుకి 30 లక్షలు చాలు. అంత విద్యుత్ క్షేత్రంలో ఆ ప్రోటీన్ కుదురుగా ఎలా కూర్చుంటుంది? కొద్ది డిగ్రీల తేడాకే అంత ఠక్కున ఎలా తెరుచుకుంటుంది? వేడిని గుర్తుపట్టేది దానిలో ఏ భాగం? ఆఖరి ప్రశ్నకి అందరూ ఒప్పుకున్న జవాబు ఇంతవరకు లేదు. ఆకారం కళ్ళముందు ఉంది, పని తీరు పూర్తిగా తెలియదు. ‘నోబెల్ వచ్చేసింది కదా, ఇంకా ఏం మిగిలింది’ అనేవాళ్ళకి నేను చూపించేది ఈ గేటునే.

గది వేడిలో పనిచేసే సూపర్ కండక్టర్ కనిపెట్టేశారట కదా?

లేదు. సూపర్ కండక్టర్ అంటే కరెంటుకి నిరోధం బొత్తిగా లేని పదార్థం. 2023 జులై ఆఖర్లో ఈ ప్రశ్నతో నా వాట్సాప్ నిండిపోయింది. దక్షిణ కొరియాలో ఒక బృందం ఎల్‌కే-99 అనే పదార్థం గురించి ప్రకటించింది. అయస్కాంతం మీద ఒక నల్ల ముక్క ఒకవైపు లేచి ఉన్న వీడియో అందరూ చూసే ఉంటారు. కొద్ది వారాల్లోనే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీతో సహా ఎన్నో చోట్ల తయారుచేసి చూశారు, సూపర్ కండక్టివిటీ కనబడలేదు. నిరోధం హఠాత్తుగా పడిపోవడానికి కారణం అందులో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్ అని తేలింది. అది దాదాపు 104 డిగ్రీల దగ్గర రూపం మార్చుకుంటుంది. అంటే మళ్ళీ మన నెయ్యి కథే. అమెరికాలోని ఇంకో బృందం ఇలాంటి సంగతే ప్రకటించిన రెండు పేపర్లని నేచర్ పత్రిక 2022లో ఒకటి, 2023లో ఒకటి వెనక్కి తీసుకుంది.

నిజంగా జరిగింది కూడా తక్కువేం కాదు. 1911లో లైడెన్‌లో కామెర్లింగ్ ఒన్నెస్ పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిచి నిరోధం మాయమవడం చూశాడు. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్లలో ఈ గుణం పట్టుకున్నారు. మర్నాటి ఏడాదికే మైనస్ 180 దగ్గర పనిచేసేది వచ్చింది, దానికి చవకైన ద్రవ నైట్రోజన్ చాలు. 2019లో లాంథనమ్ హైడ్రైడ్ మైనస్ 23 దగ్గరే సూపర్ కండక్టర్ అయింది, కాకపోతే రెండు వజ్రాల మధ్య పెట్టి దాదాపు పదిహేడు లక్షల వాతావరణాల ఒత్తిడితో నొక్కాలి. రాగి ఆక్సైడ్లలో ఎలక్ట్రాన్లు జతకట్టేది ఎందుకో అన్న వాదన నలభై ఏళ్ళయినా తెగలేదు. నన్నడిగితే ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద బాకీ అదే.

రోహిణి కార్తెలో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు పక్కింటాయన ‘మీ సూపర్ కండక్టర్లు ఈ తీగలకి పెట్టొచ్చుగా’ అన్నారు. తీగ పొడవునా చల్లబరుస్తూ ఉండాలి, పైగా ఆ ఆక్సైడ్లు పింగాణీలా పెళుసు. కానీ గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో ఎంఆర్‌ఐ తీయించుకున్నవాళ్ళలో చాలామంది సూపర్ కండక్టర్ చుట్టలో పడుకుని వచ్చినవాళ్ళే. ద్రవ హీలియంలో మునిగిన నియోబియం-టైటానియం తీగ అది. ఒకసారి కరెంటు ఎక్కిస్తే అలా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఆ అయస్కాంతం రాత్రి సెంటర్ మూసినా ఆగదు. తాళంచెవుల గుత్తి బయట పెట్టమని పదిసార్లు చెప్పేదీ అందుకే.

అమరావతికి క్వాంటమ్ కంప్యూటర్ వస్తోందంటున్నారు. అది కంప్యూటర్ సైన్స్ వాళ్ళది కదా, మనకేంటి?

క్వాంటమ్ వ్యాలీకని 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రం 156 క్యూబిట్లది. క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్ లెక్కకి వాడే అతి చిన్న ముక్క. ఈ యంత్రంలో క్యూబిట్లు సూపర్ కండక్టర్‌తో చేసిన చిన్న సర్క్యూట్లు. వాటికి ఆధారం ఇది: రెండు సూపర్ కండక్టర్ల మధ్య పల్చటి అడ్డుగోడ పెడితే జతకట్టిన ఎలక్ట్రాన్లు దాన్ని దాటిపోతాయని బ్రయన్ జోసెఫ్సన్ 1962లో చెప్పాడు. అప్పటికి అతను రీసెర్చ్ స్టూడెంటే. చేత్తో పట్టుకోగలిగినంత పెద్ద సర్క్యూట్ కూడా క్వాంటమ్ నియమాలు పాటిస్తుందని 1980ల మధ్యలో చూపించినందుకు క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకి 2025 ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఈ చిప్పులు పరమశూన్యానికి (దాదాపు మైనస్ 273 డిగ్రీలు) ఒక డిగ్రీలో వందో వంతు దగ్గర పనిచేస్తాయి. ప్రోగ్రాం రాసేది కంప్యూటర్ వాళ్ళే. చిప్పులో క్యూబిట్ ఎందుకు చెడిపోతోంది, ఏ పొరలో మలినం ఉంది అని వెతికేది మన పని. ఆ పనికి మనుషులు ఎప్పుడూ తక్కువే.

గ్రాఫీన్‌ని మెలితిప్పితే ఏం వస్తుంది?

గూడూరు అభ్రకం చూశారా? గోటితో పొరలు పొరలుగా ఊడి వస్తుంది. పెన్సిల్‌లోని గ్రాఫైటూ అంతే. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ ప్లాస్టరు టేపు అంటించి పీకుతూ పీకుతూ ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న పొర దాకా వచ్చారు. అది గ్రాఫీన్. 2010లో నోబెల్.

మెలిక సంగతి మా వంటింటి కిటికీతో చెబుతాను. దోమల మెష్ చిరిగితే పాతదాని మీదే కొత్తది కొట్టించాం. కార్పెంటరు కాస్త వంకరగా బిగించాడు. మర్నాడు పొద్దున వెలుతురు పడేసరికి మెష్ గళ్ళకన్నా ఎన్నో రెట్లు పెద్ద గళ్ళు కనిపించాయి. తల కదిపితే అవి అలల్లా జరుగుతున్నాయి. అవి పాత మెష్‌లో లేవు, కొత్త మెష్‌లో లేవు, రెంటి మధ్య వంకరలో ఉన్నాయి. విప్పి సరిచేస్తానన్నాడు, నేనే వద్దన్నాను.

రెండు గ్రాఫీన్ పొరల్ని 1.1 డిగ్రీల వంకరతో పేరిస్తే అలాగే యాభై రెట్లు పెద్ద గళ్ళు పుడతాయి. ఆ గళ్ళలో ఎలక్ట్రాన్ల పరుగు మందగిస్తుంది. పరుగు తగ్గాక పక్కవాడి వికర్షణ లెక్కలోకి వస్తుంది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పట్టించుకోని పక్క బండి, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో మన ప్రాణం తీసినట్టు. 2018లో ఎంఐటీలో పాబ్లో హరీయో-హెరేరో బృందం ఇలాంటి పొరలు 1.7 కెల్విన్ (దాదాపు మైనస్ 271 డిగ్రీలు) దగ్గర సూపర్ కండక్టర్ అవుతున్నాయని చూపించింది. కొత్త రసాయనం ఏదీ కలపలేదు, తిప్పారంతే. ఇప్పుడు గ్రాఫీన్ దాటి వేరే పొరలకి వెళ్ళారు. 2023లో మాలిబ్డినం డైటెల్లురైడ్ పొరల్ని మెలితిప్పి, బయట అయస్కాంత క్షేత్రం లేకుండానే ఫ్రాక్షనల్ క్వాంటమ్ హాల్ ప్రభావం చూశారు. అంటే ఎలక్ట్రాన్ల గుంపు, ఒక్క ఎలక్ట్రాన్ చార్జిలో ఒక భాగమే ఉన్న కణాల్లా నడవడం.

టోపాలజీ అంటే?

ఇడ్లీని నొక్కి ఎన్ని ఆకారాలైనా చేయొచ్చు, చింపకుండా గారె మాత్రం చేయలేరు. చిల్లు ఉందా లేదా అన్నది కొద్దికొద్దిగా మారే సంగతి కాదు. కొన్ని పదార్థాల్లో ఎలక్ట్రాన్ తరంగాలకి అలాంటి లెక్క ఒకటి ఉంటుంది. అయస్కాంత క్షేత్రంలో కరెంటుకి అడ్డంగా పుట్టే వోల్టేజి నుంచి లెక్కకట్టేదే హాల్ నిరోధం. 1980లో ఫాన్ క్లిట్జింగ్ కొలిచినదాని మూల విలువ దాదాపు 25,813 ఓములు. నమూనాలో మలినాలున్నా, అంచులు గరుకుగా ఉన్నా అదే అంకె. థౌలెస్, హాల్డేన్, కోస్టర్లిట్జ్‌లకి 2016లో నోబెల్ ఇచ్చింది ఈ తరహా ఆలోచనలకే. ఇంతకన్నా వివరంగా అంటే బోర్డు కావాలి.

గాజు మీద రీసెర్చా? గాజుల కొట్టు పెడతావుటే?

ఇది మా పిన్ని ప్రశ్న. ఆవిడ తప్పేం లేదు, ఆ మాటే అలాంటిది. మన విశ్వవిద్యాలయాల్లో గాజులో రేర్ ఎర్త్ అయాన్లు కలిపి, లేజర్లకి పనికొస్తుందేమో చూసే పని ఎన్నాళ్ళనుంచో జరుగుతోంది. ఆ పనికి కొలిమి, స్పెక్ట్రోమీటర్, ఓపిక ఉంటే చాలు కాబట్టి మన దగ్గర కుదిరింది.

లోతైన ప్రశ్న వేరే ఉంది. గాజులో పరమాణువులు ద్రవంలో లాగే చిందరవందరగా ఉంటాయి, అయినా రాయిలా గట్టి. వరస లేకుండా గట్టితనం ఎక్కడిది? జార్జో పారీసీకి 2021లో నోబెల్ తెచ్చిన పని ఇలాంటి చిందరవందర వ్యవస్థల మీదే. పాత చర్చి కిటికీ అద్దాలు కారి కారి కింద మందంగా అయ్యాయన్న మాట మాత్రం నమ్మకండి. అప్పట్లో పలక ఒకే మందంతో చేయడం రాదు, అంతే.

గోరింకల గుంపునీ పుష్కరాల జనాన్నీ ఫిజిక్స్ అంటున్నారు. ఎలా?

నెయ్యిలో అణువులకి సొంత బుద్ధి లేదు, బయటి వేడిని బట్టి నడుస్తాయి. పక్షి, బ్యాక్టీరియా, మనిషి అలా కాదు. ఒక్కొక్కరూ తిన్నది ఖర్చుపెట్టి కదులుతారు. ఇలాంటివాటి గుంపుని యాక్టివ్ మ్యాటర్ అంటారు. 1995లో విచెక్ బృందం చాలా సులువైన నమూనా ఒకటి ఇచ్చింది. అందులో పక్షుల బదులు కంప్యూటర్లో కదిలే చుక్కలుంటాయి. ప్రతి చుక్కా పక్కనున్నవాటి సగటు దిక్కు చూసి అటే తిరుగుతుంది, కాస్త తడబాటుతో. ఆ తడబాటు ఒక హద్దుకన్నా తగ్గితే అన్నీ ఒకే వైపు కదులుతాయి. నాయకుడు అక్కర్లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో శ్రీరామ్ రామస్వామి ఈ రంగానికి పునాదులు వేసినవాళ్ళలో ఒకరు. రోమ్‌లో గోరింక జాతి పక్షుల్ని కెమెరాలతో కొలిచి 2008లో చెప్పింది నాకు భలే నచ్చుతుంది. ఒక్కో పక్షి ఇన్ని మీటర్ల లోపలివాటిని అని కాదు, ఎంత దూరంలో ఉన్నా దగ్గరి ఆరేడింటిని చూసుకుంటుందట.

జనం విషయం ఇంకా కొత్తది. స్పెయిన్‌లోని పాంప్లోనాలో పండగ రోజు చౌక్ నిండా చేరే జనాన్ని పైనుంచి వీడియో తీసి, 2025లో నేచర్‌లో వేశారు. సాంద్రత ఒక హద్దు దాటాక, ఎవరూ కావాలని నెట్టకపోయినా, వందలమంది కలిసి గుండ్రంగా ఊగడం మొదలవుతుంది. ఒక చుట్టుకి సుమారు 18 సెకన్లు. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడ్డవాళ్ళకి ఆ ఊగడం తెలుసు. కాళ్ళు మనవే, అడుగు మనది కాదు. 2016 పుష్కరాల్లో ఘాట్ మెట్ల మీద నాకూ అనుభవమైంది, అప్పుడు దాన్ని భయం అనుకున్నానే గాని కొలవొచ్చనుకోలేదు. ఊగడం మొదలైందంటే ప్రమాదం దగ్గరపడిందని కెమెరాలో ముందే పసిగట్టవచ్చు. 2028లో కృష్ణా పుష్కరాలున్నాయి. ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు అడిగితే ఇదే చెబుతున్నాను.

ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ప్రోటీన్ల పని అయిపోయినట్టేగా?

ఆల్ఫాఫోల్డ్ అంటే ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రాం. ఆకారం ఊహించే పని చాలావరకు అయింది. 2020లో దాని సత్తా తేలింది, దాన్ని తయారుచేసిన హసాబిస్, జంపర్‌లకి 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం వచ్చింది. కానీ ఫొటో వేరు, మనిషి నడక వేరు. ప్రోటీన్ ఎలా మడుచుకుంటుంది, ఎంతసేపట్లో, ఎక్కడ తప్పటడుగు వేస్తుంది అన్నవి ఫొటోలో ఉండవు. పైగా కొన్ని ప్రోటీన్లకి స్థిరమైన ఆకారమే లేదు.

అలాంటివే ఇప్పుడు ఎక్కువ వార్తల్లో ఉన్నాయి. తాలింపు వేసిన చారు మీద నూనె బొట్లు దగ్గరికొచ్చి కలిసిపోవడం చూస్తాం కదా. 2009లో బ్రాంగ్విన్, హైమన్ బృందం ఒక చిన్న పురుగు పిండంలో కొన్ని కణికలు అచ్చం అలాగే ద్రవబిందువుల్లా కలుస్తున్నాయని చూపించింది. కణంలో గోడల్లేని గదులన్నమాట. ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్ బొట్లు కాలం గడిచేకొద్దీ గట్టిపడతాయి, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుకీ దానికీ సంబంధముందని వెతుకుతున్నారు. చూశారా, పేరుకోవడం ఇక్కడ కూడా వచ్చింది.

కణం లోపల మోటార్లు ఉంటాయట, నిజమా?

నిజమే. కైనెసిన్ అనే ప్రోటీన్ నెత్తిన మూట పెట్టుకున్న కూలీలా ఒక పట్టా మీద అడుగులేస్తుంది. అడుగు 8 నానోమీటర్లు. లేజర్ వెలుగుతో పట్టుకుని వెనక్కి లాగితే సుమారు 6 పికోన్యూటన్ల దాకా తట్టుకుంటుంది. అడుగుకి ఒక ఏటీపీ ఖర్చు, అది కణానికి ఇంధనంలాంటి అణువు. గుణించి చూస్తే ఖర్చులో దాదాపు సగం పనిగా మారుతోంది. చుట్టూ నీటి అణువులు తన్నుతూనే ఉండగా ఇంత పొదుపు! వెలుగుతో పట్టుకునే ఆ పట్టకారుని కనిపెట్టిన ఆర్థర్ ఆష్కిన్‌కి 2018లో, 96వ ఏట నోబెల్ ఇచ్చారు.

మన వైపు నుంచి ఈ రంగంలో ఎవరైనా ఉన్నారా?

సూరి భగవంతం గారు. 1909లో ఆగిరిపల్లిలో పుట్టారు, విజయవాడ నుంచి నూజివీడు వెళ్ళే దారిలోదే ఆ ఊరు. సి.వి. రామన్ దగ్గర పనిచేశారు. స్ఫటికాల సౌష్ఠవాన్ని గ్రూప్ థియరీతో లెక్కకట్టడంలో ఆయన, వెంకటరాయుడు గారు చేసిన పని దేశం బయట కూడా చదివారు. తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీకి డైరెక్టర్ అయ్యారు. ఆ ఊరి నుంచి వచ్చే నా విద్యార్థులకే ఈ సంగతి తెలియదు.

అన్నీ బాగానే ఉన్నాయమ్మా, ఉద్యోగం వస్తుందా?

బీఎస్సీ తర్వాత జామ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్. దగ్గర్లో పరిశోధన చేసే చోట్లంటే హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్‌ఆర్, సీసీఎంబీ, తిరుపతిలో ఐసర్. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు. ఆ తర్వాత పర్మనెంట్ ఉద్యోగం కష్టమే, దాచి చెప్పను. చిప్పులు, బ్యాటరీలు, మందుల కంపెనీలు, డేటా సైన్స్ వైపు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. టాపిక్ చూసి కాదు, గైడ్‌ని చూసి చేరండి. ఫ్యాషన్ టాపిక్ మూడేళ్ళలో పాతబడుతుంది, గైడ్‌తో ఆరేళ్ళు వేగాలి.

ల్యాబ్ లేకుండా ఇంట్లో ఏమైనా చేయొచ్చా మేడమ్?

విచెక్ నమూనా పైథాన్‌లో అరవై లైన్లు. పాత ల్యాప్‌టాప్ చాలు. మూడు వందల చుక్కలు పెట్టి, తడబాటు తగ్గిస్తూ రండి. ఆ మార్పు మెల్లగా వస్తుందా, నీళ్ళు గడ్డకట్టినట్టు ఒక్కసారిగా వస్తుందా అన్నదాని మీద పెద్దవాళ్ళే ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

పోయినేడు సెకండియర్ అబ్బాయి ఒకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ‘మేడమ్, అన్నీ ఒకేవైపు తిరిగాయి!’ అన్నాడు. తడబాటు ఎంత పెట్టావు నాన్నా అని అడిగాను. రాసుకోలేదు మేడమ్ అన్నాడు. మళ్ళీ మొదటినుంచి నడిపించి, ఈసారి రాసుకోమన్నాను.